మెతుకు పట్టి చూడండి: మెక్సికో సిటీలో జపనీస్ రెస్టారెంటును ఎంచుకోవడం

మెక్సికో సిటీకి పనిమీద వచ్చిన తెలుగువాళ్లు మొదటి వారమంతా సంబరంగా టాకోలు తింటారు. రెండో వారానికల్లా మొక్కజొన్న రొట్టె వాసన మొహం మొత్తుతుంది. అప్పుడు ఫోను చేసి అడిగేది ఒకటే: "అన్నం ఎక్కడ దొరుకుతుందండీ?" గ్వాదలహారాలోనో మోంతెర్రేలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ రాజధాని చూడ్డానికి వచ్చినవాళ్లయినా, క్వెర్నవాకా దగ్గరున్న డాక్టర్ రెడ్డీస్ కర్మాగారానికి హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లయినా అందరిదీ అదే ప్రశ్న. నేను వాళ్లను చాలాసార్లు జపనీస్ రెస్టారెంటుకే పంపిస్తాను. మెక్సికన్ భోజనంలోనూ అన్నం ఉంటుంది కానీ అది టమాటా రసంలో వేయించి వండిన పక్క వంటకం. అన్నాన్ని నడుమ పెట్టుకుని మిగతావన్నీ దాని చుట్టూ అమర్చుకునే వంట జపాన్‌వాళ్లది. ఆ ఒక్క విషయంలో మనకూ వాళ్లకూ చుట్టరికం ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, ఈ నగరంలో జపనీస్ అని బోర్డు ఉన్న చోటల్లా దొరికేది ఒకే వంట కాదు. టోక్యోలో కూర్చున్నట్టే ఉండే చిన్న చిన్న కొట్లు ఒక రకం. యాభై ఏళ్ల నుంచి నడుస్తున్న పెద్ద ఇళ్లు ఇంకో రకం. చీజు, మిరపకాయ, మాంసం చుట్టి నూనెలో వేయించే సినలోవా సుషీ పూర్తిగా వేరే సంగతి. ఒకదాన్ని మనసులో పెట్టుకుని ఇంకొకదానికి వెళితే డబ్బూ పోతుంది, ఆకలీ తీరదు. అందుకే ఏది ఎవరికి సరిపోతుందో వివరంగా రాస్తున్నాను.

ముందు అన్నం సంగతి

మెక్సికో సిటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 92, 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఆ ఏడెనిమిది డిగ్రీల తేడా ఎంత పని చేస్తుందో నాకు వచ్చిన కొత్తలోనే తెలిసింది. గిన్నెలో అత్తెసరు పెడితే మెతుకు పైకి మెత్తగా కనిపించేది, లోపల పలుకు అలాగే ఉండేది. ఇంకాసిన్ని నీళ్లు పోస్తే అన్నం ముద్దయ్యేది కానీ పలుకు మాత్రం పోయేది కాదు. కుక్కరు కొన్న తర్వాతే ఇంట్లో అన్నం అన్నంలా వచ్చింది.

సుషీ వండేవాళ్లకు ఈ బాధ పదింతలు. పొట్టి గింజ బియ్యాన్ని నీళ్లు తేటపడేదాకా కడగాలి, నానబెట్టాలి, ఎత్తుకు తగ్గట్టు నీళ్లూ మంటా సరిచేసి వండాలి. ఉడికిన అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలోకి వంచి, సిర్కా, పంచదార, ఉప్పు కలిపిన నీళ్లు చిలకరించి, తెడ్డుతో మెతుకు చితక్కుండా కోస్తున్నట్టు కలుపుతూ విసనకర్రతో విసరాలి. అప్పుడు మెతుకుకు మెరుపు వస్తుంది. ఒంటి వేడి మీద ఉండగానే దాన్ని వడ్డించాలి. ఈ ఎత్తు మీద ఇంత శ్రద్ధగా అన్నం వండే మనిషి చేపను నిర్లక్ష్యం చేయడు. అన్నం దగ్గర అశ్రద్ధ చేసినవాడి చేప ఎంత మెరిసినా నేను నమ్మను.

కాబట్టి ఏ సుషీ కొట్టుకు వెళ్లినా పెద్ద పళ్లెం చెప్పకండి. ముందు రెండు నిగిరీలు మాత్రం చెప్పండి, అంటే చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టినవి. పచ్చి చేప వద్దనుకుంటే తీపి గుడ్డట్టు పెట్టిన నిగిరీ చాలు, దాన్ని తమాగో అంటారు. చేత్తోనే తీసుకోండి, అది మర్యాదే. వేళ్ల మధ్య విడిపోకుండా నిలవాలి, నోట్లో పెట్టగానే మెతుకు మెతుకుగా విచ్చుకోవాలి. చల్లగా, బిరుసుగా తగిలిందంటే అది ఫ్రిజ్‌లోంచి వచ్చిన అన్నం. పంటికింద పలుకు తగిలిందంటే వంటవాడు ఈ ఊరి ఎత్తును ఇంకా గెలవలేదన్నమాట. కుండెడు అన్నానికి ఒక మెతుకు పట్టి చూసే అలవాటు మనకు పుట్టుకతో ఉన్నదే, అది ఇక్కడ బాగా పనికొస్తుంది. ఆ రెండు ముక్కల దగ్గరే తేలిపోతుంది, ఇంకా తినాలా, టీ తాగి లేవాలా అన్నది.

క్వౌతెమోక్ వీధుల్లో

రెఫోర్మా అనే పెద్ద రోడ్డు మీద బంగారు దేవత నిలబడిన స్తంభం ఉంది కదా, అక్కడి నుంచి ఉత్తరానికి నడిస్తే వచ్చే పేటే క్వౌతెమోక్. వీధులన్నిటికీ నదుల పేర్లు. జపాన్ రాయబార కార్యాలయం ఈ చుట్టుపక్కలే ఉంది. రీయో పానుకో, రీయో ఎబ్రో వీధుల చుట్టుపక్కల జపనీస్ కొట్లు ఒకదాన్ని చూసి ఒకటి వెలిశాయి. ఇప్పుడు ఊరివాళ్లు దీన్ని లిటిల్ టోక్యో అనే పిలుస్తారు.

ఒక్క పూటే ఉంది, ఒక్క చోటే తినగలం అంటే నేను ఇక్కడికే పంపుతాను. కారణం పేరుప్రతిష్ఠలు కాదు, ఒక్కో కొట్టు ఒక్కో పనికే కట్టుబడి ఉండడం. రీయో ఎబ్రో మీద రొకాయి సుషీకి. దాని పక్కనే అదే పేరుతో ఉన్న కొట్టు రామెన్‌కు, అంటే రసంలో వడ్డించే నూడుల్స్‌కు. రీయో పానుకో మీద హియోకో బొగ్గుల మీద కాల్చే కోడి పుల్లలకు. పదిహేను పేజీల మెనూలో సుషీ, నూడుల్స్, బిర్యానీలాంటి వేపుడన్నం అన్నీ ఉన్న చోటికంటే, ఒక్క పని నేర్చిన చేతి దగ్గర కూర్చోవడం ఎప్పుడూ మేలు.

కోడి పుల్లల కొట్టులో బల్ల దగ్గర కాకుండా కౌంటరు దగ్గర చోటు అడగండి. వంటవాడు నిప్పుకు అరచేయెడు దూరంలో పుల్లలు పేర్చి, విసనకర్రతో బొగ్గును రేపుతూ, చినుకు కొవ్వు కారగానే పుల్లను అర అంగుళం పక్కకు జరుపుతాడు. మంట ఎగసిందంటే చర్మం చేదెక్కుతుంది, ఎగయకపోతే కరకరలాడదు. చివర్లో పుల్లను సోయా రసం గిన్నెలో ఒక్కసారి ముంచి మళ్లీ నిప్పు మీద పెడతాడు. ఆ రసం ఆవిరయ్యేటప్పుడు వచ్చే వాసన కోసమే నేను మళ్లీ మళ్లీ వెళతాను. తొడ మాంసం, ఉల్లికాడ ఉన్న పుల్లతో మొదలుపెట్టండి. కార్జం, గుండెకాయ మనవాళ్లకు కొత్త కాదు కాబట్టి అవీ చెప్పుకోవచ్చు. ఉప్పుతో కాల్చినవి ముందు, రసం పూసినవి తర్వాత తింటే నాలుక మొద్దుబారదు.

ఇక ఓమకాసే. ఏం పెట్టాలో వంటవాడికే వదిలేసే భోజనం అది. ఇద్దరు దానికి పెట్టే డబ్బుతో రామెన్ వారాల తరబడి తినవచ్చు. పచ్చి చేప అంటే ఇష్టం ఏర్పడినవాళ్లు, జీవితంలో ఒక మంచి సందర్భం ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా వెళ్లండి. మొదటిసారి పచ్చి చేప రుచి చూడబోయేవాళ్లు మాత్రం వెళ్లకండి. ఇరవై ముక్కలు వరసగా వస్తాయి, ఆరో ముక్క దగ్గర కడుపు తిరిగినా మర్యాదకు తినాల్సి వస్తుంది. నాతో వచ్చిన ఒక మిత్రుడు అలా చాలా ఇబ్బంది పడ్డాడు, అతన్ని తీసుకెళ్లిన తప్పు నాదే.

ఈ పేటలో ఇబ్బందులూ ఉన్నాయి. కొట్లు ఇరుకు, కొన్నిచోట్ల కౌంటరు చుట్టూ పదిమంది పడితే గొప్ప. ముందుగా చెప్పి ఉంచకుండా శుక్ర, శనివారాల రాత్రి వెళితే వీధిలో నిలబడాలి. చిన్నపిల్లలతో అసలే కుదరదు. మధ్యాహ్నం వెళ్లగలిగితే అంతకు మించింది లేదు. మెక్సికోవాళ్లు అసలు భోజనం చేసేది రెండు, మూడు గంటల ప్రాంతంలో. ఒంటిగంటకే వెళితే చోటు దొరుకుతుంది, వంటవాడికీ మాట్లాడే తీరిక ఉంటుంది.

పెద్ద ఇళ్లు

జపాన్‌వాళ్లు మెక్సికోకు నిన్నమొన్న వచ్చినవాళ్లు కారు. రెండు దేశాల మధ్య 1888లో సమానహోదా ఒప్పందం జరిగింది. 1897లో కొందరు వలస వచ్చి, కాఫీ తోటలు వేసుకుందామని దక్షిణాన చియాపాస్‌లో దిగారు. తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1942లో మెక్సికో ప్రభుత్వం సరిహద్దుల్లో, సముద్రతీరాల్లో ఉన్న జపాన్‌వాళ్లను ఇళ్లూ వ్యాపారాలూ వదిలి లోపలి నగరాలకు తరలిపొమ్మంది. ఎక్కువమంది చేరింది మెక్సికో సిటీకి, గ్వాదలహారాకు. చేపలు పట్టి బతికినవాళ్లు, పత్తి పండించినవాళ్లు సముద్రానికి ఇంత దూరంగా, ఇంత ఎత్తున కొత్తగా బతుకు మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆ బతుకు రుచి ఈ దేశంలో ప్రతి కిరాణా కొట్టులోనూ వేలాడుతుంది. సోయా కలిపిన పిండి పూత పూసి కరకరలాడేలా చేసిన వేరుశనగలు, వీటిని ఇక్కడ జపనీస్ వేరుశనగలు అంటారు. 1932లో వలస వచ్చిన యోషిగేయి నకతాని అనే ఆయన లా మెర్సెద్ బజారు ప్రాంతంలో కాపురముంటూ, యుద్ధకాలంలో పని పోయాక 1940లలో వీటిని ఇంట్లో చేసి అమ్మడం మొదలుపెట్టాడు. పేరుకు జపాన్‌వే కానీ పుట్టిల్లు మెక్సికోనే. మన వేరుశనగ పకోడీ ఇష్టమున్నవాళ్లు ఒక పొట్లం కొనుక్కుని నిమ్మరసం పిండుకుని తినండి.

పాత ఇళ్లలో పెద్దది దెల్ వాయే పేటలోని సంటోరీ. జపాన్‌లో విస్కీ చేసే ఆ కంపెనీవాళ్లే 1970లో ఇక్కడ తెరిచారు. లోపల తోట, విశాలమైన గదులు, కళ్లముందే ఇనుపపలక మీద వండిపెట్టే బల్లలు ఉన్నాయి. నాపొలెస్ పేటలో నగావోకా అనే చోట అలాంటి పటాటోపం లేదు, కుటుంబ భోజనశాల వాతావరణం. పిల్లలు, పెద్దవాళ్లు కలిసి ఆరేడుగురు వెళ్లేటప్పుడు ఈ రెండు తరహాల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి తప్ప క్వౌతెమోక్ ఇరుకు కొట్లు కాదు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు నేను అనుకునే మొదటి చోటు ఇలాంటిదే. నిదానంగా కూర్చోవచ్చు, ఉడికిన వంటకాలు చాలా ఉంటాయి, ఏది దేనితో చేశారో పాత పరిచారకులు ఓపిగ్గా చెబుతారు. ఇక్కడ సుషీ కంటే అన్నం, పులుసు, కాల్చిన చేప, ఊరగాయ కలిపి పళ్లెంలో తెచ్చే తెయిషోకు చెప్పండి. మధ్యాహ్నం రాత్రికంటే చవక కూడా.

పొలాంకోలో తోరి తోరి ఉంది. ఉక్కు జాలీ అల్లిన ఆ భవనం వాస్తుశిల్పులు వచ్చి చూసేంత పేరున్నది. వ్యాపార విందుకు, అతిథులను గౌరవంగా తీసుకెళ్లడానికి బాగుంటుంది.

సినలోవా సుషీ

నగరంలో ఎక్కువగా కనిపించేది ఇదే. పసిఫిక్ తీరాన సినలోవా రాష్ట్రం, దాని రాజధాని కులియకాన్. రొయ్యలకూ నిప్పుల మీద కాల్చిన గొడ్డుమాంసానికీ పేరున్న ఆ నేల మీద సుషీ కొత్త రూపు ఎత్తింది. అన్నం చుట్టలో మెత్తటి చీజు, అవకాడో, రొయ్య, కాల్చిన మాంసం పెట్టి, రొట్టెపొడి అద్ది నూనెలో వేయిస్తారు. పైన మిరపకాయ కలిపిన మయొనైస్, తియ్యటి చిక్కటి సాస్. సముద్రం, నేల అని పేరుపెట్టిన చుట్టలో రొయ్యా మాంసమూ రెండూ ఉంటాయి. 1988లో మెక్సికో సిటీలో మొదలైన సుషి ఇత్తో లాంటి గొలుసు దుకాణాలు అంతకుముందే చీజు, అవకాడో చుట్టలను ఇంటింటి తిండిగా మార్చాయి.

దీన్ని జపాన్ వంటతో పోల్చి తక్కువ చేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇది మెక్సికన్ వంట, మెక్సికన్ వంటగానే తినాలి. చీజు, వేపుడు, కారం కలిసిన చుట్ట కుర్రవాళ్ల ఆకలి తీరుస్తుంది, పచ్చి చేప అంటే బెదిరేవాళ్లకు ఇది తేలికైన దారి. ఖర్చూ తక్కువ. కానీ చక్కటి అన్నం తినాలనే కోరికతో ఇక్కడికి రాకండి. చీజు, సాసుల కింద అన్నం జాడే తెలియదు. వేయించిన చుట్ట ఇంటికి తెప్పించుకుంటే దారిలోనే మెత్తబడిపోతుంది, వెళ్లి వేడిగా తినండి.

ఈ దుకాణాల్లో తెలుగువాళ్లకు దొరికే అసలు నిధి ఒకటుంది: చిలెస్ తొరెయాదోస్. పచ్చిమిరపకాయలను పెనం మీద అటూ ఇటూ దొర్లిస్తూ నల్లటి బొబ్బలు వచ్చేదాకా కాల్చి, వేయించిన ఉల్లిపాయతో కలిపి సోయా, నిమ్మరసం పోస్తారు. అన్నంలో నంజుకుంటే మన రోటిపచ్చడి తిన్నంత తృప్తి. మెక్సికో సిటీలో చాలా జపనీస్ రెస్టారెంట్లలో అడిగితే ఇస్తారు. ఓమకాసే కౌంటరు దగ్గర మాత్రం అడగకండి. అంత సున్నితమైన చేప మీద అంత కారం పోస్తే రెండూ పాడవుతాయి.

చేప ఎక్కడిదో అడగండి

ఈ నగరానికి సముద్రం లేదు కానీ మెక్సికోకు రెండు వైపులా సముద్రమే. ఇస్తపలాపాలోని లా వీగా బజారుకు రెండు తీరాల చేపా వస్తుంది. ఉత్తరాన బాహా కాలిఫోర్నియాలో, ఎన్సెనాదా తీరాన నీలిరెక్కల ట్యూనాను సముద్రంలో పెద్ద వలపంజరాల్లో పెంచుతారు. అందులో సింహభాగం జపాన్‌కే వెళుతుంది. ముళ్లబంతిలా ఉండే సముద్రజీవి ఎరీసో కూడా అక్కడిదే. మెక్సికోలో సాల్మన్ పెంపకం లేదు, ఆ చేప పరాయి దేశాల నుంచి రావలసిందే.

ఈ సంగతి తెలిస్తే మెనూ చదవడం సులువు. సాల్మన్, పీతరుచి గుజ్జు, చీజు తప్ప ఇంకేమీ లేని మెనూ ఉన్న చోట పచ్చి చేప తినకపోయినా నష్టం లేదు. హురెల్, వాచినాంగో, ఎరీసో, కాయో దె ఆచా లాంటి ఇక్కడి తీరాల పేర్లు కనబడితే, అందులోనూ ఆ రోజు పేర్లు పలక మీద సుద్దతో రాసి ఉంటే, వంటవాడు బజారుకు తనే వెళ్లాడని అర్థం. "ఈరోజు ఏది బాగుంది?" అని అడగండి. ఒక్క చేప పేరు చెప్పి, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పేవాడి మాట వినండి. అన్నీ బాగున్నాయనేవాడి దగ్గర ఉడికించినవే చెప్పుకోండి.

శాకాహారులకు

ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెప్పాలి. శాకాహారులకు జపనీస్ భోజనం చూపులకు కనిపించినంత తేలిక కాదు. వంట మొత్తానికి పునాది దాషి అనే రసం, దాన్ని ఎండబెట్టి పొగపెట్టిన చేప తురుముతో కాస్తారు. మిసో సూపులో అదే, పిండిలో ముంచి వేయించే కూరగాయల తెంపురా పక్కన పెట్టే రసంలో అదే, వేయించిన టోఫు మీద పోసేదీ అదే. రామెన్‌లో కూరగాయలు మాత్రమే పైన తేలుతున్నా కింద ఉన్నది చాలాచోట్ల పంది ఎముకల రసం.

"సిన్ కార్నె", అంటే మాంసం లేకుండా అని చెబితే సరిపోదు. ఇక్కడ కార్నె అన్న మాటకు గొడ్డుమాంసం అనే అర్థమే ముందు స్ఫురిస్తుంది, కోడినీ చేపనూ తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది. "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పండి. రసం గురించి విడిగా "ఎల్ కాల్దో యేవా పెస్కాదో?" అని, అంటే రసంలో చేప ఉందా అని అడగండి. గొడ్డుమాంసం తిననివాళ్లు "రెస్" అన్న మాట, పంది తిననివాళ్లు "సెర్దో" అన్న మాట గుర్తుపెట్టుకోండి. నిశ్చింతగా చెప్పుకోదగ్గవి దోసకాయ చుట్ట, అవకాడో చుట్ట, ఉప్పుతో ఉడికించిన సోయా కాయలు. గుడ్డు తినేవాళ్లయితే రసం లేకుండా ఉప్పుతో తెచ్చే కూరగాయల తెంపురా కూడా. తెల్లన్నం గిన్నె విడిగా అడిగితే ఇస్తారు. చీజు, పండిన అరటి గుచ్చి రొట్టెపొడితో వేయించే కుషియాగె కూడా ఈ నగరంలో దొరుకుతుంది, పిల్లలు ఎగబడి తింటారు. అయితే అదే నూనెలో రొయ్యలూ వేయిస్తారు, ఆ పట్టింపు ఉన్నవాళ్లు తెంపురా, కుషియాగె రెండూ వదిలేయడమే మంచిది.

బిల్లు విషయం ఒక్క మాట. మెనూ ధరలోనే పన్ను కలిసి ఉంటుంది. ప్రొపీనా, అంటే టిప్పు మాత్రం మీరే ఇవ్వాలి, పది నుంచి పదిహేను శాతం ఇక్కడి మర్యాద.

నెల రోజులు ఉండేవాళ్లకు

కొద్దిరోజుల ప్రయాణానికి క్వౌతెమోక్, కుటుంబంతో అయితే పాత పెద్ద ఇల్లు, కుర్రకారుతో అయితే సినలోవా చుట్ట. కానీ నెలో రెండు నెలలో ఉండబోతుంటే ముందు వెతుక్కోవలసింది రెస్టారెంటు కాదు, మికాసా. రోమా పేటలో, ఇన్సుర్హెంతెస్ రోడ్డుకు దగ్గరలో ఉన్న జపనీస్ కిరాణా అది. సిద్ధంగా సర్దిన భోజనపు డబ్బాలు అక్కడే కొనుక్కోవచ్చు, మధ్యాహ్నం ఆలస్యమైతే మంచివి అయిపోతాయి. నడక దూరంలోనే మెదెయీన్ బజారు ఉంది, కూరగాయలు, పచ్చిమిర్చి అక్కడ తీసుకోండి.

మికాసాలో పొట్టి గింజ బియ్యం సంచి కొనండి. సోనామసూరిలా పొడిపొడిగా రాదు, పప్పులోకి అంతగా నప్పదు. పెరుగన్నానికి మాత్రం దీన్ని మించింది నాకు ఈ దేశంలో దొరకలేదు. నాలుగుసార్లు కడిగి, అరగంట నానబెట్టి, కుక్కరులో గ్లాసుకు గ్లాసుంపావు నీళ్లు పోయండి. రెండు కూతలు వచ్చాక దించి, ఆవిరి దానంతటదే పోయేదాకా మూత తీయకండి. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద "సిన్ అసూకర్" అని ఉందో లేదో చూసుకోండి, లేకపోతే తియ్యగా ఉంటుంది. అల్లం, ఆవాలు, సెర్రానో మిరపకాయతో తాలింపు పెడితే కరివేపాకు లేని లోటు తప్ప ఇంకేమీ తెలియదు.